ఫైలు పుట్టినరోజే పెళ్ళిరోజు

పున్నయ్య మాస్టారికి పెళ్ళయి నలభై ఒక్కేళ్ళయిందన్న సంగతి సున్నపురేవులో తెలియనివాళ్ళు లేరు. తెలియనిదల్లా ఒక్క కంప్యూటరుకే. ఊరు ఊరంతా కట్టగట్టుకుని వెళ్ళి చెప్పినా అది వినదు. దానికి చెవులు లేవు. ఉన్నవల్లా తేదీలు.

ఆ విషయం ఆయనకి మొదట చెప్పింది పెద్దాసుపత్రి కౌంటర్లో కూర్చున్న అమ్మాయి. మాస్టారు ఉద్యోగుల ఆరోగ్య పథకం కార్డూ, గుండె డాక్టరు రాసిచ్చిన చీటీ అద్దం కిందనుంచి లోపలికి తోశారు. భార్య మస్తానమ్మకి గుండెలో కవాటం పాడైంది, ఆరు వారాల్లోపు మార్చాలి, అంతకుమించి ఆలస్యమైతే తను పూచీ పడనని డాక్టరు ఆ చీటీలో రాశాడు. అమ్మాయి కీబోర్డు మీద నాలుగు నొక్కులు నొక్కి తల అడ్డంగా ఊపింది.

"కుదరదండి. మూడేళ్ళు ఆగాలి."

"డాక్టరు గారు ఆరు వారాలన్నారమ్మా!"

"డాక్టరు గారిది డాక్టరు గారిదండి, పథకానిది పథకానిది. పెళ్ళయిన మూడేళ్ళదాకా భార్యకి గుండె ఆపరేషను వర్తించదు. జబ్బున్నవాళ్ళని ఏరుకొచ్చి మరీ పెళ్ళి చేసుకుంటున్నారని కొత్తగా పెట్టారు. మీకు పెళ్ళయి రెండు నెలలేగా?" అని స్క్రీను ఆయనవైపు తిప్పింది. మర్యాద తెలిసిన పిల్ల కాబట్టి, "కంగ్రాట్స్ అండి" అని కూడా అంది.

స్క్రీను మీద నిజంగానే ఉంది. దాసరి పున్నయ్య, మస్తానమ్మ, వివాహ తేదీ జూలై తొమ్మిది, ఈ సంవత్సరమే. సమయం సాయంత్రం నాలుగు గంటల ఇరవై మూడు నిమిషాలు. సెకన్లు కూడా వేసి ఉన్నాయి గానీ మాస్టారు చదవలేదు.

వరండాలో బల్ల మీద మస్తానమ్మ ఆయాసపడుతూ కూర్చుని ఉంది. పది అడుగులు వేస్తే ఊపిరాడటం లేదు గానీ నోటికి మాత్రం ఏ జబ్బూ లేదు. ఆవిడ కూడా ఊరందరిలాగే మొగుణ్ణి మాస్టారూ అనే పిలుస్తుంది.

"ఏమన్నారు మాస్టారూ?"

"మనకి పెళ్ళయి రెండు నెలలే అయిందంట."

"ఎప్పుడంట?"

"జూలై తొమ్మిది."

మస్తానమ్మ వేళ్ళ మీద లెక్కేసింది. "మంగళవారం! ఆషాఢం! ఎవడండీ ఆ ముహూర్తం పెట్టింది, వాడి మొహం మండ! ఆషాఢంలో కొత్త కోడలు అత్తారింట్లో ఉండకూడదని కూడా తెలవదా? పదండి, నన్ను మా అన్నగారింట్లో దించండి." అని నవ్వింది. ఆ నవ్వు దగ్గులోకి తిరిగి, దగ్గు ఎంతకీ ఆగలేదు. మాస్టారికి ఆ దగ్గు వింటే భయం వేసింది.

పున్నయ్య మాస్టారు హైస్కూల్లో ముప్పై మూడేళ్ళు డ్రిల్లు చెప్పి రిటైరైన మనిషి. రేషను షాపు దగ్గర కూడా ముందువాడికి చెయ్యి చాపినంత దూరంలో నిలబడతారు. రూలంటే ఆయనకి ప్రాణం. అసలు ఈ తంటా అంతా ఆ ప్రాణం వల్లే వచ్చింది. ఆ రోజుల్లో సున్నపురేవులో పెళ్ళిని రిజిస్టరు చేయించుకున్న మొదటి మొగాడు ఆయన. పెళ్ళయిన మూడోనాడే, పసుపు బట్టలు ఇంకా మాయకముందే, పెళ్ళాన్ని వెంటబెట్టుకుని రిజిస్టరాఫీసుకి పోయారు. "పోలీసు రిపోర్టులాగా పెళ్ళిని రాయించుకుంటావేందిరా!" అని వాళ్ళన్నయ్య ఆనాడు వెక్కిరించాడు. ఆ అన్నయ్య ఏ రిజిస్టరాఫీసు గడపా తొక్కలేదు. రిజిస్టరు కాని పెళ్ళికి రేషను కార్డే చాలంట. పోయిన నెలలోనే వదినగారికి ఇదే ఆపరేషను ఇదే ఆసుపత్రిలో రేషను కార్డు చూపించి చేయించుకొచ్చాడు.

మర్నాడు పొద్దున పదింటికల్లా మాస్టారు వివాహ నమోదు కార్యాలయంలో ఉన్నారు. పదకొండున్నరకి నమోదు అధికారి అనంతశయనం గారు వచ్చారు. మనిషి చెడ్డవాడు కాడు. నమ్మకం ఉన్నవాడు. నమ్మకం ఉన్న అధికారితో వచ్చే చిక్కు ఏమిటంటే, లంచం ఇచ్చి కూడా పని చేయించుకోలేం.

"ఆసీనులు కండి మాస్టారూ. మీ సమస్య సానుభూతితో పరిశీలించబడుతుంది" అన్నారాయన, సమస్య ఏమిటో వినకముందే.

విన్నాక టేబులు అద్దం కిందనుంచి ఒక కాగితం బయటికి లాగారు. ఆయనకి ముందు ఆ కుర్చీలో కూర్చున్న అధికారి పాత తేదీలు వేసి దొంగ సర్టిఫికెట్లు ఇచ్చి సస్పెండయ్యాడు. దాంతో పైఆఫీసుకి మనుషుల మీద విరక్తి పుట్టి 'సత్యతిథి' అనే ఉద్యమం మొదలుపెట్టింది. ఆ కాగితం దాని సర్క్యులరు. అనంతశయనం గారు దాన్ని స్తోత్రంలాగా చదివారు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, తేదీలు మూడు విధములు. నోటితో చెప్పినది నోటి తేదీ, చేత్తో రాసినది చేతి తేదీ, యంత్రము తనంతట తాను నమోదు చేసుకొన్నది యంత్ర తేదీ. మొదటి రెండును మానవ బలహీనతకు లోబడినవి. కావున ఏ పత్రమునకైనను, సదరు పత్రము కంప్యూటరునందు ఏ దినమున పుట్టినదో ఆ దినమే సదరు పత్రమందలి సంఘటన జరిగిన దినముగా భావింపవలెను." చదివి కళ్ళజోడు తీశారు. "యంత్రం అబద్ధమాడదు మాస్టారూ."

"యంత్రం సంగతి నాకు తెలవదు సార్. మీ బీరువాలో రిజిస్టరుంది. తీసి చూడండి."

రిజిస్టరు తెప్పించారు. అట్టకి చెదలు పట్టినా లోపల పేజీలు బాగున్నాయి. 1983 మే ఇరవై. సంతకాలున్నాయి. సాక్షుల వేలిముద్రలున్నాయి. మూలన అతికించిన ఫొటోలో పాతికేళ్ళ పున్నయ్య అటెన్షన్‌లో ఉన్నాడు. పక్కన పద్దెనిమిదేళ్ళ మస్తానమ్మ, ఫొటోగ్రాఫరుని కొట్టేటట్టు చూస్తోంది.

అనంతశయనం గారు ఫొటో మీదికి వంగి తేరిపార చూశారు. "మీరేనా! జుట్టు దట్టంగా ఉండేదే!" అని రిజిస్టరు మూసేశారు. "చూశాను. వ్యక్తిగతంగా నమ్మాను కూడా. అధికారికంగా మాత్రం చూడలేదు."

"మరి జూలై తొమ్మిదిన ఏం జరిగిందని మాకు పెళ్ళి చేశారు?"

దీనికి జవాబు చెప్పడానికి జానీబాషాని పిలిచారు. ఆ ఆఫీసులో కంప్యూటర్లు చూసేది అతనే. గడ్డం నెరిసింది, పాతికేళ్ళ సర్వీసు ఉంది. చిన్నప్పుడు మాస్టారి దగ్గర కబడ్డీ ఆడినవాడు. అందుకని కుర్చీలో కూర్చోకుండా నిలబడే చెప్పాడు.

"పాత కంప్యూటర్లో ఉన్న ఫైళ్ళన్నీ ఆ రోజు కొత్త సర్వర్లోకి కాపీ కొట్టాం మాస్టారూ. కాపీ కొడితే ఆ కాపీ అప్పుడే పుట్టినట్టు మిషను రాసుకుంటది. జిరాక్సు తీస్తే రాత పాతదే, కాగితం కొత్తది కదా, అట్టా. మిషను తప్పేం లేదు. అది కాగితం పుట్టినరోజు చెప్తా ఉంది. సారోళ్ళు దాన్ని మీ పెళ్ళిరోజు అంటున్నారు."

"జానీబాషా, వ్యాఖ్యానం వద్దు" అన్నారు అనంతశయనం గారు. తర్వాత స్క్రీను వైపు చూసి ఆయన మొహం గంభీరమైంది. "మాస్టారూ, ఇక్కడ ఇంకో చిక్కు కనబడుతోంది. పత్రం పుట్టింది ఈ జూలై తొమ్మిదిన. చివరిసారి సవరించింది 2011 మార్చి మూడున. అంటే మీ వివాహం జరగడానికి పదమూడేళ్ళ ముందే ఎవరో దాన్ని సవరించారు!"

"సవరించలేదు సార్, స్కానింగులో ఫొటో తలకిందులైతే నేనే తిప్పాను" అన్నాడు జానీబాషా. "కాపీ కొట్టినా ఆ తేదీ మాత్రం పాతదే ఉంటది. పుట్టిన తేదీ మారుద్ది, దిద్దిన తేదీ మారదు. ఏ కంప్యూటరైనా అంతే."

"పుట్టని బిడ్డని తలకిందులు చేశావా?" అన్నారు అనంతశయనం గారు. ఆయన నవ్వడం లేదు. పుట్టకముందే దిద్దబడిన పత్రం ఫోర్జరీ కిందికి వస్తుందా రాదా అని పైఆఫీసుని అడగాలని నోటు రాసుకున్నారు. "దరఖాస్తు పెట్టుకోండి మాస్టారూ. మీ ఫైలును నిర్ధారణ నిమిత్తం పైకి పంపిస్తాను."

మాస్టారు అక్కడే నిలబడి దరఖాస్తు రాశారు. మార్జిను వదిలి, స్కేలు పెట్టి గీత గీసి, విషయం కింద రెండు గీతలు కొట్టి మరీ ఇచ్చారు.

పది రోజులకి జవాబు వచ్చింది. తమ దరఖాస్తు మేరకు సదరు ఫైలును క్షుణ్ణంగా పరిశీలించడమైనదనీ, తమ వివాహం సెప్టెంబరు పదహారున జరిగినట్టు నిర్ధారణ అయినదనీ అందులో ఉంది.

మాస్టారు పరుగున ఆఫీసుకి పోయారు. జానీబాషా తల గోక్కున్నాడు. "పైకి పంపాలంటే మళ్ళీ కాపీ కొట్టాలి కదా మాస్టారూ. సెప్టెంబరు పదహారున కొట్టాం."

"అయితే నాకు రెండుసార్లు పెళ్ళయిందా?"

"లేదు, ఒక్కసారే. కాకపోతే ఇంకా ఆలస్యంగా."

మాస్టారు రెండో దరఖాస్తు పెట్టారు. పెళ్ళి సెప్టెంబరు ముప్పైకి జరిగింది. ఆ రోజు మహాలయ పక్షంలో పడిందని తెలిసి మస్తానమ్మ, "ఆషాఢమే నయంగదయ్యా, ఇప్పుడు ఏకంగా పితృదేవతల భోజనాల్లో చేశారు!" అంది. నవ్వాలని చూసింది గానీ ఊపిరి చాలలేదు. అప్పటికే ఆవిడ పడుకుంటే ఆయాసం ఎక్కువై, గోడకి దిండ్లు ఆనించుకుని కూర్చునే కునుకు తీస్తోంది.

ఈ లోపల ఊరికి కూడా తెలిసొచ్చింది. జూలై తొమ్మిది సాయంత్రం నాలుగు గంటల పదిహేడు నిమిషాల నుంచి నాలుగు యాభై రెండు దాకా, ముప్పై అయిదు నిమిషాల్లో, ఆ ఆఫీసు పరిధిలో పదకొండు వేల నాలుగు వందల ముప్పై రెండు పెళ్ళిళ్ళయ్యాయి. పైఆఫీసు ఆ లెక్క చూసి అనంతశయనం గారికి ప్రశంసాపత్రం పంపింది. మునిసిపాలిటీ అదే లెక్క చూసి, ఇన్ని పెళ్ళిళ్ళకి మైకు అనుమతి ఒక్కటీ తీసుకోలేదేమని ఊళ్ళో పురోహితుడికి నోటీసు పంపింది. పాపం ఆయన ఆ రోజు కంటి ఆపరేషను చేయించుకుని కట్టుతో ఉన్నాడు. మేదరబజారు రాఘవమ్మ మొగుడు పోయి తొమ్మిదేళ్ళయింది. ఆవిడ వితంతువు కాదని తేల్చారు. పెళ్ళికి తొమ్మిదేళ్ళ ముందు పోయినవాడు మొగుడెట్లా అవుతాడని ప్రశ్న. మరీ అయితే పెళ్ళికి హాజరైన వరుణ్ణి తీసుకొచ్చి చూపించమన్నారు.

ఆఫీసు ముందు క్యూ బస్టాండు దాకా పెరిగింది. దరఖాస్తు పెట్టిన ప్రతివాడి పెళ్ళీ దరఖాస్తు పెట్టినప్పుడల్లా ముందుకి జరుగుతోంది. చివరికి అనంతశయనం గారు లోతుగా ఆలోచించి ఒక ఉత్తర్వు వేశారు. బయటికొచ్చి మెట్ల మీద నిలబడి తనే చదివి వినిపించారు.

"ఫైళ్ళను తరచుగా కదిలించుట వలననే వాటి వయస్సు తగ్గుచున్నట్లు గమనించడమైనది. కావున నేటినుండి ఎవ్వరూ ఏ ఫైలునూ తెరవరాదు, కాపీ చేయరాదు, దానిని గురించి విచారించరాదు. ముట్టకుండా ఉంచినచో ప్రతి ఫైలూ తనంతట తానే పాతబడును. మూడు సంవత్సరముల పిమ్మట అన్ని వివాహములును మూడు సంవత్సరముల ప్రాయము గలవై యుండును."

సర్వరు గదికి తాళం వేసి సీలు కొట్టారు. కుండలో ఆవకాయ ఊరేసినట్టు పదకొండు వేల పెళ్ళిళ్ళని ఊరేశారు. జనంలో కొందరు, ఏదో ఒకటి తేలిందిలే అని చప్పట్లు కూడా కొట్టారు.

మాస్టారు చప్పట్లు కొట్టలేదు. జనం వెళ్ళిపోయేదాకా ఉండి మెట్ల దగ్గరికి పోయారు. "సార్, నా భార్యకి మూడేళ్ళు లేవు. డాక్టరిచ్చిన ఆరు వారాల్లో నాలుగైపోయినయ్యి."

అనంతశయనం గారి కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. "మాస్టారూ, మా అమ్మ మీద ఒట్టు, మీకు జరిగింది అన్యాయం. కానీ యంత్రం వేరే తేదీ చూపిస్తే తప్ప నా చేతుల్లో ఏమీ లేదు. యంత్రం చూపిస్తే, ఏ తేదీ అయినా సరే, కళ్ళకద్దుకుని సంతకం చేస్తాను."

ఆ రాత్రి పున్నయ్య మాస్టారు ఏం ఆలోచించారో ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే జానీబాషా ఇంటికి పోయారు. ముప్పై మూడేళ్ళ సర్వీసులో ఒక్క పిల్లాడికి దొంగ హాజరు వెయ్యని మనిషి. గుమ్మంలోనే నిలబడి, నేల చూస్తూ అన్నారు.

"జానీ, రూలు తప్పకుండా నేను బతికించుకోలేకపోతున్నారా దాన్ని. ఏదన్నా చెయ్యి."

జానీబాషా అన్నం కంచం ముందునుంచి లేచాడు.

ఆఫీసు వెనక సామాన్ల గదిలో, విరిగిన కుర్చీల కింద, కాలం తీరిన కంప్యూటరు ఒకటుంది. లోపలి గడియారం బ్యాటరీ చచ్చిపోయి ఏళ్ళయింది. ఎప్పుడు ఆన్ చేసినా అది తను 1980 జనవరి ఒకటో తేదీ పొద్దున్నే కళ్ళు తెరిచాననుకుంటుంది. దానికి ఏది చూపించినా ఆ రోజే పుట్టిందంటుంది. ఇద్దరూ మధ్యాహ్నం అందరూ భోజనాలకి పోయినప్పుడు ఆ గదిలోకి పోయారు. సర్వరు గదికి సీలు ఉంది గానీ జానీబాషా దగ్గర 2011 నాటి స్కానింగు డిస్కు ఉంది. అందులోనుంచి మాస్టారి ఫైలొక్కటీ ఆ ముసలి మిషన్లోకి కాపీ కొట్టాడు.

"ఇది మోసం కాదంటావా?" అన్నారు మాస్టారు. చెమటతో చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

"మోసమేంది మాస్టారూ? ఇదీ యంత్రమే. యంత్రం అబద్ధమాడదంట గదా!"

స్క్రీను మీద తేదీ పడింది. 1980 జనవరి 1. జానీబాషా ఆ మిషనుకి వైరు తగిలించి, ఆసుపత్రివాళ్ళు మాస్టారి పేరు కొడితే ఇక్కడికే వచ్చేటట్టు చేశాడు. మళ్ళీ ఎక్కడికైనా కాపీ కొడితే తేదీ చెడిపోతుందని, దాని మీద 'ముట్టరాదు' అని కాగితం అంటించాడు.

అనంతశయనం గారిని పిలిచి చూపించారు. "1980! అప్పటికి ఈ ఆఫీసే లేదు! కంప్యూటరు మొహం ఈ జిల్లా చూడనే లేదు! అయినా యంత్రం గుర్తుపెట్టుకుంది చూశారా మాస్టారూ!" అని, అన్నమాట ప్రకారం కళ్ళకద్దుకుని సంతకం చేశారు.

ఆసుపత్రి కౌంటర్లో అదే అమ్మాయి నాలుగు నొక్కులు నొక్కింది. నలభై నాలుగేళ్ళ దాంపత్యం కాబట్టి అభ్యంతరం లేదంది. అయిదో వారంలో మస్తానమ్మకి ఆపరేషనైంది. లోపల అయిదు గంటలు పట్టింది. ఆ అయిదు గంటలూ మాస్టారు వరండాలో నిలబడే ఉన్నారు. డాక్టరు బయటికొచ్చి బాగానే జరిగిందని చెప్పాక, ఆయన కాళ్ళకి మొక్కబోయి, మర్యాద గుర్తొచ్చి, సెల్యూట్ కొట్టారు.

ఆపరేషనైన ఆరో రోజు మస్తానమ్మని వార్డులోకి మార్చారు. మొహంలోకి రంగు తిరిగొచ్చింది. జావలో ఉప్పు లేదని తిట్టడం మొదలుపెట్టింది. మాస్టారి ప్రాణం కుదుటపడింది. ఎనిమిదో రోజు పొద్దున మాస్టారు ఇంటినుంచి ఫ్లాస్కుతో జావ తీసుకుని వచ్చేసరికి వార్డు గుమ్మంలో ఒక మహిళా కానిస్టేబులు చెయ్యి అడ్డం పెట్టింది.

"దాసరి పున్నయ్య మీరేనా? లోపలికి పోకూడదు. నిందితుడు బాధితురాలికి ఇరవై అడుగుల లోపుకి రాకూడదు."

"ఎవరమ్మా బాధితురాలు?"

"మైనరు బాలిక, మస్తానమ్మ."

లోపల మంచం పక్కన, బాలికల రక్షణ అధికారిణి ప్రసూన ఫైలు పట్టుకుని కూర్చుని ఉంది. నిండా ముప్పై ఏళ్ళు లేవు. కొత్త ఉద్యోగం, కొత్త చేతిసంచీ. గుమ్మం దాకా వచ్చి మాస్టారికి సంగతి తనే చదివి చెప్పింది. కార్డు ప్రకారం మస్తానమ్మ పుట్టింది 1964 ఆగస్టు పన్నెండు. యంత్ర తేదీ ప్రకారం పెళ్ళయింది 1980 జనవరి ఒకటి. ఆనాటికి బాలిక వయసు పదిహేనేళ్ళ నాలుగు నెలల ఇరవై రోజులు. ఈ రెండు తేదీలూ ఒకదానికొకటి ఎదురుపడగానే పైనున్న కంప్యూటరు తనంతట తనే బాల్యవివాహం కేసు పుట్టించి ఆమెకి పంపింది.

"అమ్మా, ఆ రోజు నేను ట్రైనింగు కాలేజీలో పరేడు చేస్తున్నా. అప్పటికి మస్తానమ్మ ఎవరో కూడా నాకు తెలవదు."

"తెలియని బాలికని చేసుకోవడం ఇంకా పెద్ద సెక్షనండి" అంది ప్రసూన. ఆమె మొహం చూస్తే ఆమెకే సిగ్గుగా ఉన్నట్టుంది. "నేనేం చెయ్యను సార్, కేసు మూసెయ్యాలంటే బాలిక వాంగ్మూలం తీసుకోవాలి. లేదంటే బాలికని పద్దెనిమిదేళ్ళు నిండేదాకా బాలికా సదనానికి పంపాలని ఉంది."

మాస్టారు మంచం నుంచి గుమ్మం దాకా కంటితోనే కొలిచి, మిగతాది ఎడమకాలితో మొదలుపెట్టి అంగలు వేసి, వరండాలో అవతలి గోడ దగ్గర ఇరవై అడుగులకి సరిపోయినచోట ఆగి, వెనక్కి తిరిగి, ఫ్లాస్కు పట్టుకుని అటెన్షన్‌లో నిలబడ్డారు. తలుపు తెరిచే ఉంది. లోపల మాటలన్నీ వినబడుతున్నాయి.

ప్రసూన ఫారం తీసి ఒక్కొక్కటే అడిగింది. మస్తానమ్మ సరదాగానే చెప్పింది. చదువు? ఏడో తరగతి. పెళ్ళినాటికి బొమ్మలతో ఆడుకునేవారా? లేదు, గేదెల పాలు పిండేదాన్ని. భర్త కొట్టేవాడా? ఊరందరి పిల్లల్నీ కొట్టేవాడు, నన్ను తప్ప. పక్క మంచం మీదావిడ కూడా నవ్వింది.

"పద్నాలుగో ప్రశ్న" అంది ప్రసూన. "ఈ పెళ్ళి మీ ఇష్టంతోనే జరిగిందా?"

మస్తానమ్మ నవ్వు ఆపి ప్రసూన మొహంలోకి చూసింది. మంచం పక్కన మిషను కూత ఒక్కటే వినబడుతోంది. వరండాలో మాస్టారు చెవులు రిక్కించారు.

"అమ్మాయ్, ఆ మాట ఇంకోసారి అడుగు."

"ఈ పెళ్ళి మీ ఇష్టంతోనే జరిగిందా అండీ?"

"ఇన్నేళ్ళలో నన్నీ మాట అడిగినదానివి నువ్వొక్కదానివే తల్లీ" అంది మస్తానమ్మ. ఆవిడ గొంతులో సరదా లేదు. "పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చిందా అని ఆయన్ని ముగ్గురడిగారు. మా నాన్న మా మేనమామనడిగాడు. మేనమామ పంతులునడిగాడు. రిజిస్టరాఫీసులో సంతకం ఎక్కడ పెట్టాలో నాకు వేలు పెట్టి చూపించారు. ఇష్టమేనా అని మాత్రం ఎవరూ అడగలా. ఈయన కూడా అడగలా."

అది నిజం. మాస్టారికి ఆ క్షణంలో తెలిసింది. నలభై ఒక్కేళ్ళలో జావ తాగావా, మందు వేసుకున్నావా, తలుపు గడియ పెట్టావా అని లక్ష అడిగారు. ఇది అడగలేదు. అడగాలని తట్టనే లేదు. ఆయనకి గొప్ప సిగ్గేసింది. సిగ్గుకంటే ఎక్కువ భయమేసింది. జీవితంలో మొదటిసారి, అటెన్షన్ తప్పి గోడకి ఆనుకున్నారు.

ప్రసూన పెన్ను పట్టుకుని ఎదురుచూస్తోంది. "అంటే... ఇష్టం లేదని రాయమంటారా అమ్మా?"

"తొందరపడమాక. అప్పుడు అడిగుంటే ఏం చెప్పేదాన్నో నాకే తెలవదు. పద్దెనిమిదేళ్ళ పిల్లని. ఆ చూపులకొచ్చిన మనిషి కర్ర మింగినట్టు కూర్చున్నాడు, నవ్వను కూడా నవ్వలా." మస్తానమ్మ దిండు మీద తల తిప్పి తలుపులోంచి బయటికి చూసింది. ఇరవై అడుగుల అవతల, గోడకి ఆనుకుని, రెండు చేతుల్తో ఫ్లాస్కుని గుండెకి అదుముకుని మాస్టారు నిలబడి ఉన్నారు. ఆవిడ ఆయన్ని కాసేపు చూసింది.

"ఇప్పుడు అడిగావుగా" అంది ప్రసూనతో. "ఇష్టమేనని రాయి. తేదీ మాత్రం ఇవాల్టిదే వెయ్యి."